మే పదిహేనున పుట్టినవాళ్ళం

ఏప్రిల్ 27

హైదరాబాద్ నుంచి ఇప్పుడే వచ్చాం. డాక్టర్ చెప్పింది నేను అనుకున్నంత ఘోరంగా ఏమీ లేదు. సార్‌కి మతిమరుపు వచ్చింది, ఇంకా పెరుగుతుంది, ఆపలేం, మందులతో నిదానం చేస్తాం అన్నాడు. ముందు కొత్తవి పోతాయట, పాతవి చివరిదాకా ఉంటాయట. ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. పూజ మాత్రం సదాశివపేట దాటేదాకా బస్సులో కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే ఉంది. మామ అంటే నా పెళ్ళానికి నాకన్నా ఎక్కువ.

డాక్టర్‌కి ఒక అనుమానం వచ్చింది. "గురులింగప్ప గారు మీకు టీచరా, ఫాదరా?" అని అడిగాడు. రెండూ అన్నాను. ఐదేళ్ళప్పుడు ఆయన పనిచేసే బళ్ళోనే నన్ను చేర్చారు. బళ్ళో అప్పా అనొద్దు, అందరిలాగే సార్ అనాలన్నారు. ఇంటికొచ్చాక మళ్ళీ అప్పా అనడం నాకు కుదరలేదు. ఆయనా అడగలేదు.

సార్ ఏం మాట్లాడుతున్నారో రాసి పెట్టుకోమన్నాడు డాక్టర్. ఈ డైరీ అందుకే కొన్నాను. నా సంగతులు రాసుకోవడానికి కాదు.

ఒక చిన్న పని మాత్రం ఉంది. నేను అసలు ఏ రోజున పుట్టానో సార్‌ని అడగాలి. అది నలభై ఏళ్ళ నాటి సంగతి, డాక్టర్ లెక్క ప్రకారం భద్రంగా ఉండాలి. తొందరేమీ లేదు.

ఏప్రిల్ 28

అడగలేదు. షాపుకు కాలిపోయిన మోటార్లు వరసగా వచ్చాయి.

మే 2

పొద్దున చాయ్ దగ్గర అడిగాను.

"సార్, నేను పుట్టిన దినం యాది ఉన్నదా?"

"ఇయ్యాల తారీఖెంత?"

"మే రెండు."

"మే రెండు." కళ్ళు మూసుకున్నారు. "ఆన్ బొలీన్ రాణిని పట్టుకపోయి లండన్ కోటల ఏసిన్రు. పదిహేను వందల ముప్పై ఆరు. ఫుట్‌బాల్ బెక్‌హామ్ పుట్టింది గూడ ఇయ్యాలనే." కళ్ళు తెరిచి, చాయ్ చల్లారిందని పూజను కేకేశారు.

మా ఇంట్లో పంచాంగాలు రెండు. గోడ మీద ఉన్నది పూజది. సార్ నోట్లో ఉన్నది ఇంగ్లీషోళ్ళది. ఉద్యోగంలో చేరిన కొత్తలో బీదర్‌లో పాత పుస్తకాల బండి మీద ఆయనకో ఇంగ్లీషు పుస్తకం దొరికింది. ఏ తారీఖున బ్రిటన్‌లో ఏం జరిగింది, ఎవరు పుట్టారు, అంతా అందులో ఉండేది. తర్వాత దాన్ని చెదలు తిన్నాయి కానీ అంతకుముందే సార్ మింగేశారు. ఆ పైన పేపర్లో చదివినవి తానే కలుపుకున్నారు. పొద్దున్నే ఆ రోజు సంగతి వినకపోతే మాకు చాయ్ తాగినట్టే ఉండదు. తెల్లోళ్ళ పుట్టినరోజులు మనకెందుకని ఎవరైనా ఎగతాళి చేస్తే, "వాళ్ళు రాసి పెట్టుకున్నరు, మనం రాసుకోలె. తప్పెవలది?" అనేవారు.

రాసుకోని వాళ్ళకు సారే రాసేవారు. జూన్‌లో బడి తెరవగానే మొగుడంపల్లి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిల్లల్ని పట్టుకొచ్చేవారు. ఎప్పుడు పుట్టాడంటే గాలిదుమారం లేచిన నాడనో, ఎర్రావు ఈనిన వారమనో చెప్పేవారు. వేరే బళ్ళలో హెడ్మాస్టర్లు అందరికీ జూన్ ఒకటి రాసి చేతులు దులుపుకునేవారు. మా సార్ మాత్రం పిల్లవాణ్ణో పిల్లనో ఎదురుగా నిలబెట్టి, నాలుగు మాటలు అడిగి, తగిన ఇంగ్లీషువాడి పుట్టినరోజు వెతికి రాసేవారు. కుంటి కోడిపిల్లను ఒళ్ళో పెట్టుకుని వచ్చిన నారమ్మకు నర్సు నైటింగేల్ దినం ఇచ్చారు. నేను చేరిన ఏడు మాత్రం వానల్లేవు. బావులు ఎండిపోయి జనం పశువుల్ని అమ్ముకుంటున్నారు. ఆ ఏడు వచ్చిన పిల్లలందరికీ కలిపి ఒకటే దినం రాశారు, మే పదిహేను. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పుట్టినరోజది. ఇంతమందిలో ఒక్కడైనా మన దిక్కు నీళ్ళు తేకపోతాడా అని ఆయన ఆశ.

ఆ గుంపులో నేనూ ఒకణ్ణి. "మనోనికైనా అసలుది రాయి" అని అమ్మ పోట్లాడిందట. "బళ్ళె అందరూ ఒక్కటే" అన్నారట సార్. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఉన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "మీ సార్‌నే అడుగుపో" అనేది. ఆ కోపం ఆమెకు చివరిదాకా పోలేదు.

నేను ఆనకట్ట కట్టలేదు. మోటార్లకు వైండింగ్ చేస్తాను. ఈ ఎండాకాలంలో జహీరాబాద్ చుట్టూ చెరకు తోటలకు పారే నీళ్ళలో సగం నా చేతి కాయిల్ మీదే పారుతున్నాయి. నేను చుట్టిన కాయిల్ కాలదు. కాలితే అది కరెంటోళ్ళ పుణ్యం.

రేపో ఎల్లుండో మళ్ళీ అడుగుతాను.

మే 6

ఈరోజు సార్‌కి పరీక్ష పెట్టాను. మే ఆరు అనగానే, "ఆక్స్‌ఫర్డ్‌ల ఒక డాక్టర్ పిల్లగాడు మైలు దూరం నాలుగు నిమిషాలు నిండకముందే ఉరికిండు. యాభై నాలుగుల. గాలి ఉండె ఆ దినం" అన్నారు. గాలి కూడా యాది ఉంది! పాతవి పదిలం అన్న డాక్టర్ మాట అక్షరాలా నిజం.

అన్నం తిని చెయ్యి కడుక్కుని వచ్చి, "ఇంక వంట గాలేదా?" అని పూజను అడిగారు.

"ఇప్పుడే తిన్నరు గద మామా."

"తిన్ననా? ఏం కూర?"

"గోంగూర."

"మంచిగుండెనా?" అన్నారు. పూజ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వదగ్గ మాటే కదా.

మళ్ళీ అడిగాను. "ఎవ్వని దినం?" అన్నారు. "నాది సార్. వీరేశ్‌ది." చాలా సేపు ఆలోచించి, "వీరేశ్... మే పదిహేను" అన్నారు.

మే 9

కోహీర్ వెళ్ళి మహాదేవమ్మ అత్తమ్మను కలిశాను. ఆమె సార్‌కి అక్క. పళ్ళు పోయాయి కానీ నోరు పోలేదు.

"నాకెట్ల ఎరుకైతది బిడ్డా? మీ అమ్మ మొదటి కాన్పుకు పుట్టింటికి పోయింది, హుమ్నాబాద్ అవతల. ఆడ పుట్టినవ్ నువ్వు. జొన్న ఇంక మోకాలెత్తు ఉండె. కాదు కాదు, జొన్న కోసినంకనేమో. మోకాలెత్తుకు పుట్టింది మా మంజునాథ్."

"సార్‌కి కబురెవరు తెచ్చిన్రు అత్తమ్మా?"

"మీ తాతనే వచ్చిండు గద, చక్కెర పొట్లం పట్టుకోని. మీ నాయన బళ్ళె పాఠం చెప్తుండె. కొడుకు పుట్టిండు అంటే, 'జర ఆగున్రి మామా, పాఠం అయిపోనీ' అన్నడంట! మీ తాత వాకిట్ల నిలవడి చూసుడే చూసుడు. పాఠం అయినంక ఎవ్వలితోనో సైకిల్ అడుక్కొని, అన్నం గూడ తినకుంట తొక్కుకుంట పోయిండు. అంత దూరం! మీ తాత బస్సుల పోయెటాల్లకు ఈయన ఆడ ఉన్నడంట."

పాఠం అయిపోనీ అన్నారట.

అత్తమ్మ ఇంకా ఏదేదో చెప్పింది. వయసు మీద పడింది కదా, అన్నీ నమ్మలేం. వచ్చేటప్పుడు పూజకు జొన్నరొట్టెలు కట్టిచ్చింది.

పాఠం అయిపోనీ!

మే 11

పూజతో గొడవ. "ఎందుకింత జిద్దు? ఆ దినం తెలిస్తే ఏం జేస్తవ్, ఆధార్ మార్పిస్తవా? మామ రోజుకో మెట్టు దిగుతున్నడు, నువ్వు పోలీసోని లెక్క నిలవడి అదే అడుగుతున్నవ్. ఆయనకు ఎంత కష్టమైతుందో చూస్తున్నవా?"

ఊరికే అడుగుతున్నానన్నాను. షాపుకు వెళ్ళి ఒక మోటార్‌కి చుట్టిన తీగ మొత్తం విప్పి మళ్ళీ చుట్టాను. మొదట చుట్టిందే బాగుంది.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు అసూయ. నాతో చదివిన దేవరాజ్ మీద, ఆ నారమ్మ మీద, ఆ బళ్ళో చదివిన ప్రతి ఒక్కరి మీదా అసూయ. వాళ్ళకు ఇంటి దగ్గర నాన్న ఉండేవాడు, బళ్ళో సార్ ఉండేవారు. నాకు రెండు చోట్లా సారే. అందరికీ పంచగా నా వంతుకు వచ్చిందే నాకూ ఇచ్చారు, పలక, దెబ్బ, పుట్టినరోజు. ఆయన నాకొక్కడికే ఇచ్చింది ఒకటి కావాలి నాకు. నేను పుట్టిన రోజు ఆయన తలలో ఎక్కడో ఉంటే, అది నాది. అది పోకముందే కావాలి.

మే 12

నర్సు నైటింగేల్ దినం. సార్ సరిగ్గా చెప్పారు. తొందరేమీ లేదు.

మే 15

ప్రతి ఏడాదిలాగే మా షాపు ముందర పెద్ద కేకు కోశాం. ఈ ఆనవాయితీ దేవరాజ్ మొదలుపెట్టాడు. మా బ్యాచ్‌లో వాడే పెద్దవాడయ్యాడు, బోర్లు వేసే లారీలు నడుపుతాడు. కేకు మీద "కాటన్ దొర బ్యాచ్" అని రాయిస్తాడు. రాయికోడ్ నుంచి, కోహీర్ నుంచి, ఒకడైతే పుణె నుంచి వచ్చాడు. నలభై దాటిన మగవాళ్ళు, ఆడవాళ్ళు కాయిళ్ళకు పూసే వార్నిష్ వాసనలో నిలబడి ఒకరికొకరు హ్యాపీ బర్త్‌డే చెప్పుకుంటుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు బండి ఆపి చూస్తారు.

సార్‌కి తెల్ల చొక్కా వేసి కుర్చీలో కూర్చోబెట్టాను. భయపడ్డాను కానీ భయపడాల్సిన పనే లేకపోయింది. దేవరాజ్ "ఇయ్యాల ముచ్చట చెప్పున్రి సార్" అనగానే నడుము నిటారుగా పెట్టారు.

"మే పదిహేను. మొన్న కోటల ఏసిన్రు గదా, ఆ ఆన్ బొలీన్ రాణికి ఇయ్యాల విచారణ. తప్పు చేసిందని తీర్పిచ్చిన్రు. పద్దెనిమిది వందలల, మూడో జార్జి రాజు నాటకం చూడనీకి పోతే ఒకడు తుపాకి పేల్చిండు. గురి తప్పింది. రాజు లేచి పోయిండా? పోలె. కూసోని నాటకం మొత్తం చూసిండు. రాజంటే అట్లుండాలె. పద్దెనిమిది వందల మూడుల మీ కాటన్ దొర పుట్టిండు. నలభై ఒకటిల బ్రిటన్ జెట్ విమానం మొదటిసారి గాలిల లేసింది. యాభై ఏడుల సముద్రం మీద హైడ్రోజన్ బాంబు పేల్చిన్రు. ఒక్కటే తారీఖు, నీళ్ళిచ్చినోడు పుట్టిండు, బాంబు గూడ పేలింది. తారీఖుది ఏం లేదు. మీరేం జేస్తరన్నదే ఉన్నది."

"టెన్నిస్ ముర్రే సార్!" అని వెనక నుంచి ఎవరో అందించారు.

"ఎనభై ఏడు. వాడు మీకన్న చిన్నోడు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

దేవరాజ్ కేకు ముక్క నోట్లో పెడుతూ, "కాటన్ దొర నదికి అడ్డం కట్టిండు, నేను భూమికి బొక్క వెడుతున్న. ఇద్దరం నీళ్ళోళ్ళమే గద సార్?" అన్నాడు.

"ఆయన నీళ్ళు ఆపిండు. నువ్వు తోడుతున్నవ్" అన్నారు సార్. దేవరాజ్ ముఖం చూడాల్సింది. ఆ తర్వాత వాడే అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఇదే మంచి సమయం అనిపించింది. అంత హుషారుగా ఉన్నారు, అన్నీ గుర్తున్నాయి. అందరి ముందే అడిగాను.

"సార్, మరి నేను అసలు ఏ దినం పుట్టిన?"

ఆయన నన్ను చూశారు. కోపం రాలేదు, నవ్వలేదు. "మే పదిహేను" అన్నారు. "బళ్ళె రాసి ఉన్నది."

"అది మీరు రాసింది సార్. అసలుది?"

"రాసిందే అసలుది." కేకు పళ్ళెం పక్కన పెట్టి దేవరాజ్ వైపు తిరిగారు. "ఈ పిల్లగాడు ఎవ్వని కొడుకు? బాగ మొండోని లెక్క ఉన్నడు."

సార్ ఎగతాళి చేస్తున్నారనుకుని అందరూ పడీ పడీ నవ్వారు. నేను కూడా నవ్వాను. దేవరాజ్ ఒక్కడే నవ్వు ఆపి నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఆ చెయ్యి తీసేసి మిగిలిన కేకు అందరికీ పంచాను.

మే 16

షాపు తెరవలేదు. గొంతు బాగా లేదు.

మే 24

విక్టోరియా రాణి పుట్టినరోజు. సంవత్సరం కూడా చెప్పారు, 1819. నన్ను మాత్రం "మోటార్ల పిల్లగాడా" అని పిలుస్తున్నారు. పిలుపు బాగానే ఉంది, ఉన్నమాటే కదా. చొక్కా గుండీలు నేనే పెడుతున్నాను. పూజ పెడితే సిగ్గుపడుతున్నారు.

అడగలేదు.

జూన్ 2

"జూన్ రెండు. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం. వాన పడ్డది. ఆ పొద్దుగాలనే..." అని ఆగిపోయారు. ఆ పొద్దున్నే ఎవరెస్ట్ ఎక్కిన కబురు లండన్‌కి చేరింది. నాకు ఏడేళ్ళప్పటి నుంచీ కంఠతా వచ్చు. అందిద్దామని నోరు తెరిచాను. ఆయన రెండు చేతులతో కుర్చీ పట్టుకుని వెతుక్కుంటున్నారు, నుదుటి మీద చెమట పట్టింది. పూజ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. అలాగే చాయ్ తాగాం.

పాతవి చివరిదాకా ఉంటాయన్న డాక్టర్‌కి ఫోన్ చేశాను. "అందరికీ ఒకేలా ఉండదండీ" అన్నాడు. చదువుకున్నవాళ్ళకు ఈ ఒక్క మాట వస్తే చాలు.

జూన్ 3

బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాను. పూజకు వినపడింది. మధ్యాహ్నం బూరెలు చేసింది.

జూన్ 9

ఇక అడగను. కుండబద్దలు కొట్టినట్టు ఇక్కడ రాస్తున్నాను. నలభై ఏళ్ళు ఆ దినం లేకుండానే బతికాను, పెళ్ళి చేసుకున్నాను, షాపు పెట్టాను, ఎవరికీ తీసిపోలేదు. సార్ చల్లగా ఉంటే అదే చాలు. మామతో మాట్లాడేటప్పుడు నా గొంతు మెత్తబడిందని పూజ అంటోంది. వార్నిష్ వాసన వల్ల అన్నాను.

జూన్ 15

రాత్రి వాన పడింది. పొద్దున షాపుకు బయలుదేరుతుంటే సార్ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తల దువ్వుకున్నారు, ఎప్పటిదో పాత కలం జేబులో పెట్టుకున్నారు. బళ్ళు తెరిచారు కదా, రోడ్డు మీద కొత్త సంచులేసుకున్న పిల్లలు పోతుంటే చూసి ఉంటారు. నన్ను చూసి చెయ్యి ఊపారు.

"రా, లోపలికి రా. పిల్లగాన్ని బళ్ళె భర్తీ చేయనీకి వచ్చినవా?"

పూజ గుమ్మంలో ఆగిపోయింది. నేను చెప్పులు విడిచి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పిల్లల్ని చేర్చడానికి వచ్చిన ఊళ్ళవాళ్ళు అలాగే కూర్చునేవారు.

"అవు సార్."

"పేరేంది?"

"వీరేశ్."

"తండ్రి పేరు?"

"గురులింగప్ప."

"ఎప్పుడు పుట్టిండు?"

మొన్నటిదాకా ఆ మాట అడిగింది నేను. "తెల్వదు సార్" అన్నాను. "మీరే రాయున్రి."

"అందరు ఇట్లనే అంటరు" అని విసుక్కున్నారు. తర్వాత ముందుకు వంగి నా ముఖంలోకి చూశారు. ఇంత దగ్గరగా, ఇంత సేపు, నన్ను ఒక్కణ్ణే ఆయన ఎప్పుడు చూశారో నాకు గుర్తు లేదు. ఏమీ తొందర లేకుండా చూశారు.

"పిల్లగాడు ఎట్లాంటోడు?"

"మొండోడు సార్."

"మొండోడైతే మంచిదే. చేతుల ఏమన్న పనున్నదా?"

"కాలిపోయినవి బాగు చేస్తడు."

"ఏడుస్తడా?"

"ఏడ్వడు సార్" అన్నాను. అప్పటికే నా చొక్కా తడిసింది. ఆయన అది చూశారు, చూడనట్టు ఊరుకున్నారు. పిల్లల దగ్గర కూడా అలాగే చేసేవారు.

"ఇయ్యాల తారీఖెంత?"

"జూన్ పదిహేను."

కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. జూన్ పదిహేను అంటే ఆయన ఏడాది మొత్తంలో ఎదురుచూసే దినం. ఇంగ్లండ్‌లో రాజు చేత హక్కుల పత్రానికి ముద్ర వేయించిన దినం, మాగ్నా కార్టా, పన్నెండు వందల పదిహేను. రాజైనా చట్టానికి లోబడాలని ఆ రోజు తరగతి మొత్తం చేత మూడుసార్లు అరిపించేవారు.

"ఏం లేదు" అన్నారు కళ్ళు తెరిచి. "జూన్ పదిహేను నాడు ఏం గాలె. ఎవ్వలూ పుట్టలె. ఖాళీ దినం."

మాగ్నా కార్టా నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక్కి మింగాను.

ఆయన ముఖం వెలిగింది. జేబులోంచి కలం తీసి, మూత తీయకుండానే, కుర్చీ చెయ్యి మీద మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాశారు. "ఇదే రాస్త. మంచి దినం. ఇంతకుముందు ఎవ్వలికి ఇయ్యలె. మీవోనికొక్కనికే."

"రాయున్రి సార్" అన్నాను.

రాసి, కలం జేబులో పెట్టుకుని, నా తల మీద చెయ్యి వేశారు. రేపటి నుంచి పలక పట్టుకుని రమ్మన్నారు. వస్తానన్నాను.

నేను జూన్ పదిహేనున పుట్టాను.